మా అత్త చేయని తప్పు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పైకి చదవడమంటే కామాలూ ఫుల్‌స్టాపులతో సహా చదవడమే. మద్రాసు పురసవాక్కంలో ఒక సందు చివర, మేడ మీద రెండు గదుల్లో ఉండేవాళ్ళం. నాన్న బట్టల కొట్లో సేల్స్‌మన్. నాన్నకు అక్క, మా అత్త, పెళ్ళయిన మూడో ఏడే మామ పోవడంతో మా ఇంటికి వచ్చేసి, నాలుగు వీధుల అవతల ఉన్న చిన్న తెలుగు ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనిలో చేరింది. తొంభైలు మొదలైనా ఆ ప్రెస్సులో ఇంకా సీసపు అక్షరాలను చేత్తో ఏరి కూర్చేవాళ్ళు.

పొడుగాటి కాగితాల మీద తీసిన ప్రూఫులను అత్త ఇంటికి తెచ్చుకునేది. బడి నుంచి వచ్చాక నేను ఆమె ఎదురుగా కూర్చుని, రచయిత చేత్తో రాసిన కాగితాలు పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చదవాలి. ఆమె ప్రూఫు మీద వేలు నడిపిస్తూ వింటుంది. నేను చదివినదానికీ ఆమె ముందున్నదానికీ తేడా వస్తే ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన సరైన మాట రాస్తుంది. "ఏమిటి కామా ఇంత ఆలస్యం కొశ్చన్‌మార్కు" అని నేను చదువుతుంటే వంటగదిలోంచి అమ్మ నవ్వేది. అత్త మాత్రం నవ్వేది కాదు. రాతకాగితంలో కుక్కను నక్క అని రాసి ఉంటే మనకూ అది నక్కే, ప్రూఫు చూసేవాళ్ళకు సొంత తెలివి ఉండకూడదు అనేది. నా గొంతును నమ్మి ఆమె పెన్ను కదిలేది. అది ఎంత పెద్ద నమ్మకమో పన్నెండేళ్ళ వయసులో నాకు తెలియదు.

అక్షరాలు కూర్చే తాతతో మాత్రం ఒక చిక్కు ఉండేది. ఆయనది హార్బరు దగ్గరి రాయపురం, మా అత్త పుట్టిన చోటే. చేతులు వాటంతట అవి నడుస్తుంటే తెలియకుండానే ఇంట్లో మాట్లాడే తెలుగు ఎక్కించేసేవాడు. రచయిత 'ఇక్కడ' అని రాస్తే ఆయన 'ఈడ' అని కూర్చేవాడు. ఒకసారి ఎవరిదో చారిత్రక నవలలో రాణిగారు మంత్రిని "ఈడ కూసోండి" అని ఆహ్వానించింది. అత్త కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వి, ఎర్ర సిరాతో రాణిగారి భాష సరిచేసింది.

ఇక ఈ కథకు కారణమైన రచయిత సంగతి. పేరు రాయను. చదివేవాళ్ళలో చాలామంది పోల్చుకుంటారు, పోల్చుకోని వాళ్ళకు అవసరం లేదు. సినిమాలకు రాయాలని కోస్తా నుంచి మద్రాసు వచ్చి, సినిమాలు అచ్చిరాక, మైలాపూరులో ఉంటూ కథలు రాసేవారు. గొప్ప కథలు. చూపులేని ముసలాయన తన కొడుకు నడిపే బస్సును హారన్ మోతతో గుర్తుపట్టే కథ చదువుతున్నప్పుడు కామాలు చెప్పడం మర్చిపోయాను. అత్త మందలించలేదు. ఆమె వేలు కూడా కాగితం మీద ఆగిపోయి ఉంది. ఆ కథ రాసిన మనిషి దేవుడై ఉంటాడని ఆ సాయంత్రం అనుకున్నాను.

ప్రెస్సుకు వచ్చిన మనిషి దేవుడిలా ఉండేవాడు కాదు. కంపోజింగ్ తాతను గంటల తరబడి నిలబెట్టి మాట్లాడేవారు. టీ తెచ్చే మనిషిని ఏళ్ళు గడిచినా "ఇదిగో" అనే పిలిచేవారు. ఒక అక్షరం తిరగబడితే ప్రూఫు కాగితాన్ని ఉండ చేసి నేల మీదికి విసిరేవారు. ఆ ఉండను తీసి మోకాలి మీద చదును చేసుకునేది మా అత్త. అయితే అవసరం ఉన్నప్పుడు ఆయన గొంతు మెత్తబడేది. అత్త బల్ల పక్కన కుర్చీ లాక్కుని, "మీ ఇళ్ళల్లో దీన్ని ఏమంటారమ్మా? మీ అమ్మగారైతే ఎలా అనేవారు?" అని అడుగుతూ చిన్న డైరీలో రాసుకునేవారు. అంత పెద్దమనిషి అడుగుతున్నాడని అత్త అన్నీ చెప్పేది.

ఆయన కథల పుస్తకం బయటికి వచ్చినప్పుడు మైలాపూరులో ఒక హాల్లో సభ పెట్టారు. సంతకం పెట్టించుకోవాలని నేను కొత్త నోటుబుక్కుతో వెళ్ళాను. పుస్తకం మొత్తంలో ఒక్క అచ్చుతప్పు లేదని ప్రెస్సు యజమాని పట్టుబట్టి అత్తను వేదిక మీదికి పిలిపించి శాలువా కప్పించాడు. అప్పుడు ఆయన మైకు అందుకున్నారు.

"ఈడ తప్పుంది సార్, ఆడ తప్పుంది సార్ అంటుందండీ ఈవిడ. ఈడు తప్పిన ఆడమనిషి అంతకంటే ఏం చెబుతుందిలే అని నేనూ దిద్దుకుంటూ పోయాను."

హాలంతా నవ్వింది. భర్త లేని మనిషిని పక్కన నిలబెట్టుకుని ఆమె వయసు మీద, ఆడతనం మీద వేసిన హాస్యం అది అని పెద్దయ్యాకే పూర్తిగా తెలిసింది. మా మాటను వెక్కిరించాడని మాత్రం ఆ క్షణమే తెలిసింది. అత్త శాలువా కొస పట్టుకుని, అందరితో పాటు తానూ కొంచెం నవ్వింది. ఆ నవ్వు చూశాక సంతకం నోటుబుక్కును చొక్కా లోపల దాచేశాను.

మర్నాడు కూరల బండి దగ్గర అత్త "అరకిలో ఇక్కడ వేయండి" అంది. కూరలమ్మే ఆమె తూచడం ఆపి, "ఏందక్కా, సినిమాలో చేరినావా?" అంది. ఆ తర్వాత అత్త ఆమెతో అరవంలోనే మాట్లాడింది. ఇంట్లో కూడా 'ఈ' అని మొదలుపెట్టి, మింగి, 'ఇక్కడ' అనేది. నలభై ఏళ్ళు నోట్లో ఉన్న మాటను ఒకడు ఒక్క సాయంత్రంలో ఊడబెరికాడు. ఆయన స్కూటరు సీటు కోసేయాలని, చెప్పులు కాలవలో పారేయాలని, ఇంటి గోడ మీద బొగ్గుతో రాయాలని ఎన్నో అనుకున్నాను. మైలాపూరు ఒంటరిగా వెళ్ళే ధైర్యం లేక ఆగిపోయాను. కానీ పగ ఆగలేదు. రోజూ నిద్ర లేవగానే ముందు దాన్నే తడిమి చూసుకునేవాణ్ణి.

ఆరు నెలలకు ఆయన నవల ప్రూఫులు మా ఇంటికే వచ్చాయి. రాయపురం హార్బరులో మూటలు మోసే తెలుగువాళ్ళ కథ. అందులో ఒక ముసలామె ఉంది. పనికి వెళ్ళిన భర్త ఎన్నో ఏళ్ళ కిందట తిరిగి రాలేదు. నీళ్ళలో పడ్డాడో, ఓడెక్కాడో ఎవరికీ తెలియదు. నవలంతా ఆమె చుట్టూ అందరూ మాట్లాడతారు, ఆమె మాత్రం నోరు విప్పదు. చివరి పేజీలో చుట్టాలు వచ్చి, ఈ ఊళ్ళో నీకెవరున్నారు, మాతో నెల్లూరు వచ్చేయమంటారు. అప్పుడు ఆమె ఒకే ఒక్క మాట అంటుంది.

"నేను ఆడికి పోతే, ఆయన ఈడికొచ్చి ఎవుర్ని అడగాల?"

అది చూడగానే నా ఒళ్ళు మండిపోయింది. సభలో నలుగురినీ నవ్వించిన అదే ఈడ. మా అత్త నోట పలకకుండా చేసి, తన పుస్తకానికి మాత్రం నగలా పెట్టుకున్నాడు. ఈ మాట వాడుకునే అర్హత వీడికి లేదు, వెనక్కి తీసేసుకుంటాను అనుకున్నాను. గొంతు తడబడకుండా, నిదానంగా చదివాను.

"నేను అక్కడికి వెళితే కామా ఆయన ఇక్కడికి వచ్చి ఎవరిని అడగాలి కొశ్చన్‌మార్కు."

అత్త వేలు ఆగిపోయింది. తల ఎత్తలేదు.

"ఇంకోసారి చదువు."

చదివాను.

"అట్నే రాసుండాడా?"

"అట్నే ఉండాదత్తా."

కాగితం కోసం ఆమె చెయ్యి కొంచెం ముందుకు వచ్చింది. ఇవ్వక తప్పదనుకున్నాను. మళ్ళీ తనే వెనక్కి తీసుకుంది. "తాత వాళ్ళింటి భాష ఎక్కించినాడు, పాపం" అని, పెన్ను పట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత ఆ వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, నేను చెప్పినట్టే పక్కన రాసింది. ఎప్పుడూ గుండ్రంగా ఉండే ఆమె అక్షరాలు ఆ రోజు వంకరగా పడ్డాయి. నేను గెలిచాననుకుని లోపలికి వెళ్ళి రెండు అట్లు ఎక్కువ తిన్నాను.

పుస్తకాలు బైండింగు అయిన వారం ఒక శనివారం పొద్దున నేను ప్రెస్సులోనే ఉన్నాను. ఆయన వచ్చారు. నవలను చివరి పేజీ దగ్గర విరిచి యజమాని బల్ల మీద పడేశారు.

"నా ముసలమ్మ నోట్లో ఈ పంతులుగారి తెలుగు పెట్టిందెవరయ్యా? మూడేళ్ళు రాశాను ఆ ఒక్క వాక్యం కోసం."

యజమాని పాత ప్రూఫులు, రాతకాగితాలు తెప్పించాడు. కాగితంలో ఈడ. తాత కూర్చినదీ ఈడే. దాని మీద అత్త ఎర్ర సిరా. ఆ చేతిరాత గురించి ఎవరినీ అడగక్కర్లేదు. అత్త రాతకాగితం చేతిలోకి తీసుకుని ఆ వాక్యాన్ని చూసింది. తర్వాత నా వైపు చూసింది. కోపంగా కాదు. చదవమని ఎదురుచూసేటప్పుడు ఎలా చూసేదో అలాగే చూసింది. నేను చెప్పాల్సింది అప్పుడే. నేల మీద పడి ఉన్న ఒక సీసపు అక్షరాన్ని కాలి బొటనవేలితో దొర్లిస్తూ నిలబడ్డాను.

"తప్పు నాదే సార్" అంది అత్త.

"తప్పా? ఇది తప్పు కాదమ్మా, పగ. స్టేజీ మీద సరదాకి ఒక మాట అన్నానని నా నవల గొంతు కోశావు." ఆయన యజమాని వైపు తిరిగారు. "ఈవిడ ఉన్న ప్రెస్సులో నా కాగితం అడుగుపెట్టదు."

కంపోజింగ్ తాత ఏదో చెప్పబోతే యజమాని చేత్తోనే ఆపాడు. సాయంత్రానికి అత్త పని పోయింది. పోయింది పని ఒక్కటే కాదు. తప్పు లేకుండా దిద్దుతుందన్న పేరు ఒక్కటే ఆమెకు ఈ ఊళ్ళో సొంతంగా ఉండేది. దాని స్థానంలో పగబట్టి పుస్తకం చెడగొట్టిన మనిషి అన్న పేరు వచ్చింది.

నన్ను కొడుతుందనుకున్నాను. నాన్నతో చెబుతుందనుకున్నాను. మర్నాడు ఆదివారం పొద్దున్నే తల దువ్వుకుని, "రా నాయనా, పనుండాది" అని నన్ను ప్రెస్సుకే తీసుకెళ్ళింది. ఇంకా బయటికి పోని పుస్తకాలు వెనక గదిలో కట్టలుగా పేర్చి ఉన్నాయి. చివరి పేజీలున్న ఫారం మళ్ళీ అచ్చు వేయడం కుదరదని యజమాని అంటే, చేత్తో దిద్దుతానని ఆమే అడిగి ఒప్పించుకుందట. ఈసారి నల్ల సిరా, సన్నటి పాళీ. ఒక్కో పుస్తకం తెరిచి నా మాటను సన్నటి గీతతో కొట్టేసి, పైన అచ్చు అక్షరాలంత పొందిగ్గా అసలు వాక్యం రాసేది. నా పని ఏమిటంటే ప్రతి పుస్తకానికీ ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు పైకి చదవాలి. ఆమెకు అది నోటికి వచ్చినా సరే, నేను చదివితేనే పెన్ను కదిపేది.

మొదటి కట్ట అయ్యేదాకా నా మంట ఆయన మీదే. అవమానించినవాడికి, పని పోగొట్టినవాడికి ఈమె కూలి లేకుండా చాకిరీ చేస్తోందేమిటని పళ్ళు నూరుతూ చదివాను. రెండో కట్ట మధ్యలో ఆపుకోలేకపోయాను.

"ఆయన కోసం ఇంత ఎందుకత్తా? చింపి పారేద్దాం."

"ఆయన కోసమని ఎవురు చెప్పినారు నీకు?"

ఆమె పెన్ను కింద పెట్టింది. అప్పుడు చెప్పింది. మా తాత, అంటే అత్త వాళ్ళ నాన్న, జ్వరంతో పోలేదు. మాకు అలా చెప్పారంతే. ఒకరోజు హార్బరు పనికి వెళ్ళి తిరిగి రాలేదు. పదేళ్ళ అత్తనూ, చంకలో నాన్ననూ పెట్టుకుని అవ్వ రాయపురంలోనే ఉండిపోయింది. నెల్లూరు నుంచి తీసుకుపోవడానికి వచ్చిన సొంత అన్నతో అవ్వ వాకిట్లో నిలబడి ఆ మాట అన్నది. పక్కనే నిలబడి అత్త విన్నది. నేను పుట్టకముందే అవ్వ పోయింది. ఆ మాటను అత్త ఎవరికీ చెప్పలేదు, నాన్నకు కూడా. మెత్తటి గొంతుతో అడిగాడని ఒక్క ఆయనకే చెప్పింది.

ఆయన్ను కొట్టాలని విసిరిన రాయి మా అవ్వకు తగిలింది. అది కూడా ఆమె కూతురి చేతే కొట్టించాను.

"అయితే ఆయన దొంగ కదత్తా" అన్నాను.

"ఆమా" అని తలూపింది. "దొంగే. నోరు మంచిది కాదు, బుద్ధి మంచిది కాదు. సచ్చేదాకా నేను మన్నించేది లేదు, నువ్వూ మన్నించొద్దు. ఆ చెవి మాత్రం దేవుడిచ్చిన చెవిరా. అవ్వ అన్న మాట అన్నట్టే పట్టినాడు, ఒక్క దీర్ఘం పోలేదు. ఆ ముసలామె నవలంతా నోరు మూసుకుని ఉంటే గదా ఆ ఒక్క మాట అంత బరువైంది. అది నాకు చేత కాదు. నేను చెప్తే మూడు నిమిషాల కత." మళ్ళీ పెన్ను తీసుకుంది. "నీకు ఆయన మీద కోపముంటే పోయి ఆయన్ని అడుగు. రాయెత్తి కొట్టు, నేను అడ్డం రాను. దీని జోలికి పోవద్దు. సరి, చదువు."

సాయంత్రం దాకా చదివాను. ఎన్నిసార్లో లెక్క లేదు. ఎక్కడో ఆ వాక్యం నా నోట్లో మారిపోయింది. మొదట ఆయన వాక్యంలా, తర్వాత అవ్వ మాటలా, ఆ తర్వాత ఎవరిదీ కానట్టు, వాకిట్లో నిలబడి ఎదురుచూసే ఎవరిదైనా అయినట్టు వినిపించింది. అంత గొప్పగా రాశాడని ఒప్పుకోవలసి రావడం నాకు ఆ రోజు పెద్ద శిక్ష. ఆయన మీద కోపం ఇసుమంత తగ్గలేదు. తగ్గకుండానే ఏడుపు వచ్చింది.

తప్పు చదివింది నేనేనని యజమానికి చెబుతానేమోనని అత్త కొన్నాళ్ళు చూసింది. నేను చెప్పలేదు, ఆమె అడగలేదు. తర్వాత నాన్న పనిచేసే కొట్లోనే చీరలు మడతపెట్టే పనిలో కుదిరింది. మళ్ళీ ఏ తెలుగు ప్రెస్సూ ఆమెను పిలవలేదు.

నవలకు బహుమతులు వచ్చాయి, తర్వాతి ముద్రణల్లో వాక్యం సరిగ్గానే పడింది. ఆయన ముసలితనంలో రాసుకున్న జ్ఞాపకాల్లో రెండు పేజీలు దీనికి కేటాయించారు. రాయపురంలో ఒక ముసలామె తనతో స్వయంగా ఆ మాట అన్నదని, ఒక అరవ తెలుగు ప్రూఫ్ రీడరమ్మ పగబట్టి దాన్ని చెరిపేసిందని రాశారు. సభల్లో ఇప్పటికీ దాన్ని చెప్పుకుని నవ్వుతారు. అత్త కూడా అది చదివింది. పుస్తకం మూసి, "బాగా రాసినాడు" అని మాత్రం అంది. ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఆమె బతికుండగా ఈ కాగితం రాయలేదన్నది నా రెండో తప్పు, మొదటిదానికంటే పెద్దది.

కాబట్టి ఆ రెండు పేజీలు చదివినవాళ్ళు ఇది కూడా చదవాలి. ఆయన మా అవ్వను ఎన్నడూ చూడలేదు. ఆ మాట ఇచ్చింది మా అత్త. దాన్ని చెరిపించింది నేను. పగ నాది, ఆమెది కాదు. ఆయన చనిపోయినా వదిలిపెట్టకుండా కక్షతో రాస్తున్నానని ఎవరైనా అంటే కాదనను. రాయెత్తి ఆయన్నే కొట్టమంది మా అత్త, ఆలస్యంగానైనా ఆయన్నే కొడుతున్నాను. ఆ నవలను మాత్రం ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే నేను ఊరుకోను.

మొన్న మా అమ్మాయికి ఆ నవల చదివి వినిపించాను. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ చదవడం రాదు, అరవంలోనే చదువుకుంది. చివరి పేజీ అయ్యాక ఆ వాక్యాన్ని ఇంకోసారి చదివించుకుంది. తర్వాత, "ఇది రాసినాయన చాలా మంచోడేమో కదప్పా" అంది.

"కాదు" అన్నాను. ఎందుకు కాదో, అందులో నేనేం చేశానో, మొత్తం చెప్పాను. నా నోటితో అది చెప్పడం అదే మొదటిసారి. అమ్మాయి నన్నే చూస్తూ విని, పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, తనకు చదవడం రాని ఆ పేజీ మీద వేలు పెట్టి, "మీ అత్త ఎక్కడ రాసిందో చూపించు" అంది.

నా దగ్గరున్నది ఆ ఆదివారం దిద్దిన కాపీల్లో ఒకటి. చూపించాను.